తిండి గురించి ఎవరి మాట నమ్మాలి?

ప్రశ్న: మా వారికి 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మాత్రలు వాడుతున్నారు. వరి అన్నం పూర్తిగా మానేసి చిరుధాన్యాలు మాత్రమే తింటే మాత్రల అవసరమే ఉండదని ఏదో వీడియోలో చూసి, మా ఆడపడుచు రోజూ ఫోన్ చేసి చెబుతోంది. రోజూ పరగడుపున మూడు చెంచాల కొబ్బరినూనె తాగమని మరొకరు వాట్సాప్‌లో పంపారు. కోడిగుడ్డు ఒకప్పుడు వద్దన్నారు, ఇప్పుడు తినమంటున్నారు. అసలు డాక్టర్లు, ప్రభుత్వ సంస్థలు చెప్పే ఆహార సలహాలు ఎలా తయారవుతాయి? వాటిని నమ్మడానికి ఆధారం ఏమిటి?
– ఒక ఉపాధ్యాయురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు జవాబు చెప్పేముందు ఒక జాగ్రత్త చెప్పాలి. మీ వారి మాత్రలను మీ అంతట మీరు ఆపవద్దు. అన్నం కూడా ఒక్కరోజులో మాన్పించవద్దు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకుంటున్నవారు తిండిలో పిండిపదార్థాన్ని ఒక్కసారిగా తగ్గించేస్తే, రక్తంలో చక్కెర ప్రమాదకరమైన స్థాయికి పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పే పరిస్థితి రావచ్చు. తిండి మారిస్తే దానికి తగినట్టు మందు మోతాదును కూడా డాక్టరు సరిచూడాలి. వీడియోలో ఈ మాట చెప్పి ఉండరు.

ఇక మీరు అడిగిన విషయానికి వస్తే, నమ్మదగిన ఆహార సలహా అంతా ప్రశ్నను సరిగా వేయడంతో మొదలవుతుంది. 'వరి అన్నం మంచిదా, చెడ్డదా?' అనే ప్రశ్నకు ఏ పరిశోధకుడూ జవాబు చెప్పలేడు. ఎవరు తింటున్నారు, దేనికి బదులుగా తింటున్నారు, ఎంత తింటున్నారు, ఎన్నాళ్లు తిన్న తర్వాత ఒంట్లో ఏది కొలిచి చూశారు అన్నవన్నీ చేరితేనే అది పరిశోధించదగిన ప్రశ్న అవుతుంది. ఇందులో 'దేనికి బదులుగా' అన్న మాటను చాలామంది పట్టించుకోరు. హైదరాబాదు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ దేశమంతటి నుంచి నమూనాలు తెప్పించి, 528 రకాల ఆహారపదార్థాలను ప్రయోగశాలలో పరీక్షించి, 2017లో పట్టికలు ప్రచురించింది. వాటి ప్రకారం వంద గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగుల్లో సుమారు 67 గ్రాములు ఉంటుంది. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాములలోపే, రాగుల్లో పదకొండు గ్రాములు. అంటే రాగులు మేలైనవే. అయితే అన్నం బదులు అంతకంత పరిమాణంలో సంకటి తింటే షుగర్ మాత్రలు అక్కర్లేదనడానికి ఈ అంకెల్లో ఆధారం లేదు. పైగా చిరుధాన్యాల మీద జరిగిన ప్రయోగాలలో చాలావరకు కొద్దిమందితో, కొద్ది వారాలపాటు, తిన్న తర్వాత చక్కెర ఎంత పెరిగిందో చూసినవే. పదేళ్ల తర్వాత కళ్లు, మూత్రపిండాలు, గుండె ఎలా ఉంటాయన్నది వేరే ప్రశ్న.

ఆ తర్వాత వచ్చే చిక్కు కొలత. ఆహార పరిశోధనలో ఇదే అన్నిటికన్నా కష్టమైన పని అని నా అభిప్రాయం. కోవూరు వైపు నుంచి నా దగ్గరకు వచ్చే ఒక రైతు ప్రతిసారీ 'రెండు గరిటెల అన్నమే తింటున్నాను డాక్టరుగారూ' అని చెప్పేవారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఒకరోజు క్యారియరు, గరిటె తెమ్మని చెప్పి, ఆయన చేతనే పళ్లెంలో వడ్డించుకోమని, దాన్ని తూకం వేశాము. ఆ రెండు గరిటెల అన్నం 520 గ్రాములు తూగింది. బియ్యం లెక్కలో అది దాదాపు 200 గ్రాములు. రోజుకు రెండు వేల క్యాలరీలు అవసరమైన మనిషికి అన్నం, రొట్టె, ఇడ్లీ, దోసె అన్నీ కలిపి రోజు మొత్తానికి 250 గ్రాముల ధాన్యం చాలని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. ఆయన ఒక్క పూటలోనే అందులో ఎక్కువ భాగం తినేస్తున్నారు. మా అమ్మ కాలం నుంచి నెల్లూరులో పళ్లెం అంటే అదే కాబట్టి, ఆయన కంటికి అది తక్కువగానే కనిపించింది.

ఈ కారణంగానే పద్ధతిగా జరిగే సర్వేలలో 'నిన్న పొద్దున్నుంచి రాత్రి వరకు ఏమేమి తిన్నారు?' అని అడిగే సిబ్బంది తమ వెంట కొలత తెలిసిన గిన్నెలు, గరిటెలు తీసుకెళ్లి, ఏ గిన్నెతో ఎంత వడ్డించుకున్నారో చూపించమంటారు. అయినా మనిషి జ్ఞాపకం జ్ఞాపకమే. పండగనాటి బూరెలు గుర్తుంటాయి గానీ సాయంత్రం టీతో తిన్న నాలుగు బిస్కెట్లు గుర్తుండవు. ఇలాంటి లెక్కలపై ఆధారపడి 'ఫలానాది తినేవారికి ఫలానా జబ్బు పది శాతం తక్కువ' అని తేల్చినప్పుడు, ఆ పది శాతం నిజమైన తేడానో, లెక్కలోని పొరపాటో చెప్పడం కష్టం.

తినేవారిని, తిననివారిని ఊరికే పోల్చి చూడడంలో మరో ప్రమాదం కూడా ఉంది. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని ఒకప్పుడు ఎన్నో పరిశీలనలు చెప్పాయి. వాటిలో ఉండే బీటా కెరోటిన్ అనే పదార్థమే కాపాడుతోందని శాస్త్రవేత్తలు భావించారు. అది నమ్మదగినట్టే ఉంది, శరీరంలో ఎలా పనిచేస్తుందో వివరణ కూడా ఉంది. అప్పుడు ఫిన్లాండులో పొగతాగే 29,133 మంది పురుషులను తీసుకుని, చీటీలు వేసినట్టు విడదీసి, కొందరికి బీటా కెరోటిన్ మాత్రలు, కొందరికి అదే రూపంలో ఉండే ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి, ఐదు నుంచి ఎనిమిదేళ్లు గమనించారు. 1994లో ఫలితం వెలువడింది. మాత్రలు తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం ఎక్కువగా కనిపించింది. కూరగాయలు తినేవారు మిగతా విషయాల్లోనూ జాగ్రత్తగా ఉండేవారు అయి ఉండవచ్చు. చీటీ వేసి విడదీయడం వల్ల ఆ తేడాలు రెండు గుంపుల్లోనూ సమానమవుతాయి. ఈ ఒక్క పద్ధతి లేకపోయి ఉంటే, పొగతాగే కోట్లమందికి మేము ఈనాటికీ ఆ మాత్రలు మేలని చెబుతూ ఉండేవాళ్లం. ఆ సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అలాగని ప్రతిదానికీ ఇలాంటి ప్రయోగమే కావాలని కాదు. మన ప్రాంతమే దానికి సాక్ష్యం. మన దేశంలో ఫ్లోరోసిస్ (ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి 1937లో వైద్య పత్రికలో తొలిసారి వెలువడిన వ్యాసం అప్పటి నెల్లూరు జిల్లా గురించే. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు నెల్లూరులోనే ఉండేవి. పళ్లమీద గార, వంగని వెన్ను ఉన్న ఊళ్లలో బావినీళ్లను పరీక్షిస్తే ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంది. నీటిలో అది ఎంత ఎక్కువైతే జబ్బు అంత తీవ్రంగా ఉంటుంది. పశువులకు కూడా వస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును ఇలాంటి పరిశీలనలే ఇచ్చాయి. ఎవరికీ చీటీలు వేసి ఆ నీళ్లు తాగించి చూడలేదు, చూడకూడదు కూడా. కారణానికీ జబ్బుకూ సంబంధం అంత పెద్దదిగా, అంత స్పష్టంగా ఉన్నప్పుడు పరిశీలన చాలు. అన్నం, నూనె, గుడ్డు విషయంలో తేడాలు చిన్నవి కాబట్టే అంత కఠినమైన పరీక్ష కావాలి.

ఒక్క ప్రయోగంతో సలహా తయారు కాదు. ఒక ప్రశ్న మీద వచ్చిన అధ్యయనాలన్నిటినీ, తమకు నచ్చినవే కాకుండా నచ్చనివి కూడా, ముందే ప్రకటించిన నియమాల ప్రకారం వెతికి తీస్తారు. ఇద్దరు పరిశోధకులు ఒకరితో ఒకరు సంబంధం లేకుండా వాటిని చదివి లోపాలు గుర్తించి, తేడా వస్తే చర్చించి తేల్చుకుంటారు. మీకు వాట్సాప్‌లో వచ్చిన కొబ్బరినూనె సంగతి ఇలాగే తేలింది. 2020లో వచ్చిన ఒక సమీక్ష 16 ప్రయోగాలను కలిపి చూసి, ఇతర మామూలు వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ను వంద మిల్లీలీటర్ల రక్తానికి సుమారు 10 మిల్లీగ్రాములు పెంచుతుందని చెప్పింది. షుగర్ ఉన్న మనిషికి గుండెజబ్బు ముప్పు ముందే ఎక్కువ. కాబట్టి ఆ మూడు చెంచాలు మీ వారికి వద్దు.

చివరికి ఆ సమాచారం నిపుణుల సంఘం ముందుకు వస్తుంది. అది ఆధారాల బలాన్ని ఎక్కువ, ఓ మోస్తరు, తక్కువ, చాలా తక్కువ అని నాలుగు మెట్లుగా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెర గురించి సలహా ఇచ్చినప్పుడు, కలిపిన చక్కెరలు, తేనె, పండ్లరసాల్లోని చక్కెరల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదన్నదాన్ని గట్టి సిఫారసుగా, 5 శాతంలోపు ఉంచుకోవడాన్ని షరతులతో కూడిన సిఫారసుగా విడివిడిగా రాసింది. తమకు ఎంత ఖాయంగా తెలుసో అంతే చెప్పడం నిజాయితీ. సభ్యులు ఏ కంపెనీ నుంచి డబ్బు తీసుకున్నారో వెల్లడించాలన్న నియమం కూడా ఊరికే రాలేదు. 1967లో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో, గుండెజబ్బులో చక్కెర పాత్రను తగ్గించి కొవ్వును వేలెత్తి చూపిన సమీక్షకు అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ సొమ్ము ఇచ్చిందన్న సంగతి 2016లో గానీ బయటపడలేదు.

మన దేశానికి సంబంధించిన ఆహార మార్గదర్శకాలను జాతీయ పోషకాహార సంస్థ 1998లో తొలిసారి ఇచ్చి, 2011లో సవరించి, అప్పటి డైరెక్టర్ డాక్టర్ ఆర్. హేమలత నేతృత్వంలోని సంఘం ద్వారా మళ్లీ తయారు చేయించి, 2024 మే నెలలో 17 సూత్రాలుగా విడుదల చేసింది. మార్చి మార్చి చెబుతున్నారని మీకు అనిపించవచ్చు. గుడ్డు విషయమే చూడండి. ఆహారంలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దును అమెరికా 2015 మార్గదర్శకాలలో తీసేశారు. రక్తంలో కొలెస్ట్రాల్‌ను గుడ్డులోని కొలెస్ట్రాల్ కన్నా నెయ్యి, డాల్డా వంటి కొవ్వులే ఎక్కువగా పెంచుతాయని పోగుపడిన ఆధారాలు చూపడమే దానికి కారణం. స్పెయిన్‌లో ఆలివ్ నూనె, గింజల మీద జరిగిన పెద్ద ప్రయోగాన్ని 2013లో ప్రచురించినవారే, కొందరిని చీటీ పద్ధతి ప్రకారం విడదీయలేదని తేలాక 2018లో దాన్ని ఉపసంహరించుకుని, లెక్కలు మళ్లీ వేసి, తిరిగి ప్రచురించారు. వీడియోలు చేసేవారిలో తన పాత వీడియోను ఇలా సరిదిద్దినవారిని నేను చూడలేదు.

సలహా ఎవరికి వర్తిస్తుందో కూడా చదవాలి. బరువు తగ్గడానికి కృత్రిమ తీపి పదార్థాలను వాడవద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినప్పుడు, 'షుగర్ ఉన్నవారు అవి మానేయాలి' అన్న సందేశం మన జిల్లాలో కూడా తిరిగింది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఆ సిఫారసు వర్తించదని అందులోనే రాసి ఉంది.

మీ వారికి వారానికి కొన్ని గుడ్లు ఇవ్వవచ్చు. అన్నం పూర్తిగా మాన్పించకుండా సగానికి తగ్గించి, ఆ ఖాళీని పప్పు, చేపలు, వంకాయో బెండకాయో ఏదో ఒక కూర, ఆకుకూర నింపేలా చూడండి. ఒక పూట సంకటి పెట్టినా మంచిదే, ముద్ద మాత్రం చిన్నది చేయండి. చేపల పులుసు కూరలో లెక్క, ఆ పులుసు కలుపుకునే అన్నం మాత్రం కొలతలో ఉండాలి. ఈ మార్పు మొదలుపెట్టే ముందు మూడు రోజులపాటు ఆయన తిన్నవన్నీ, టీ బిస్కెట్లతో సహా, ఒక కాగితం మీద రాయండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు చక్కెర), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు) పరీక్షల ఫలితాలతో మీ డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితాన్ని, మందుల చీటీని, ఇంట్లో అన్నం వడ్డించే గరిటెను కూడా తీసుకెళ్లండి.