ఫర్నేస్ వెలిగి నాలుగు సెకన్లకే ఆరిపోతోందా? 7,000 డాలర్లు పెట్టేముందు దాని ఎదురుగా కూర్చుని ఒకసారి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కొలంబస్‌లో 1957లో కట్టిన ఇల్లు కొన్నారు, బేస్‌మెంట్‌లో ఉండి ఇల్లంతా వెచ్చగా ఉంచే గ్యాస్ ఫర్నేస్‌కి ఇరవై ఏళ్లు దాటాయి, మంట వెలుగుతోంది కానీ కొన్ని సెకన్లకే ఆరిపోతోంది, చూడ్డానికి వచ్చినతను పది నిమిషాల్లో తేల్చేసి మొత్తం మార్చాల్సిందే, 7,000 డాలర్లు అవుతుందన్నాడు. మార్చాలా, రిపేర్ చేయించాలా? నేను ఆ పని తెలిసిన మెకానిక్‌ని కాదు, సాఫ్ట్‌వేర్‌వాణ్ణే. కానీ అచ్చం ఇదే జబ్బు మా ఇంట్లోనూ వచ్చింది, అదీ రాకూడని రోజు చూసుకుని వచ్చింది. అందుకని చెప్తున్నా, ఇప్పుడే సంతకం పెట్టకండి.

మాది డెట్రాయిట్ పక్కన లివోనియాలో 1961 నాటి ఇటుకల ఇల్లు. 2019 జనవరి 30. ఆ వారం మిషిగన్‌లో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. బయట ఫారన్‌హీట్‌లో సున్నాకి పది డిగ్రీలకు పైగా కింద. దానికి తోడు ఒక గ్యాస్ కంప్రెసర్ స్టేషన్‌లో మంటలు లేచి, అందరూ థర్మోస్టాట్ 65కి తగ్గించండని ఆ రాత్రి ఫోన్లన్నిటికీ ఎమర్జెన్సీ మెసేజ్ వచ్చింది. మా పాపకి అప్పటికి 19 రోజులు. పురుడుకని మా అత్తగారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు. బుద్ధిగా 65 పెట్టి పడుకున్నాం, తెల్లారి లేచేసరికి ఇంట్లో 57.

"కుంపటి లాంటిదేమన్నా ఉంటే గదిలో పెట్టుకునేవాళ్లం కదా బాబూ" అన్నారు అత్తగారు. గరాజ్‌లో బొగ్గుల గ్రిల్ ఉంది. నిజం చెప్తున్నా, ఒక్క క్షణం నేనూ ఆలోచించాను. పెంకుటింట్లో పైనుంచి గాలి ఆడేది కాబట్టి కుంపటి చెల్లింది గానీ, ఇలా కిటికీలు బిగించిన ఇంట్లో బొగ్గులు వెలిగిస్తే కార్బన్ మోనాక్సైడ్‌తో అందరం పడుకున్నచోటే పోతాం. గ్యాస్ ఓవెన్ తలుపు తీసి వెచ్చదనానికి వాడుకోవడం కూడా అలాంటిదే. ఈ మాట ఆవిడకి చెప్తూ తలెత్తి చూస్తే హాల్లో అలారం మూత వేలాడుతోంది, లోపల బ్యాటరీ లేదు. పాపకి నీళ్లు పోశాక రోజూ సాంబ్రాణి పొగ వేస్తుంటే అది గోల చేస్తోందని పీకేసింది నేనే. పొగకీ, మోనాక్సైడ్‌కీ రెంటికీ మాకున్నది ఆ ఒక్కటే. పాత ఫర్నేస్ పెట్టుకుని, పసిపిల్లతో, రెండు వారాలు అలా గడిపాం. మీ ఇంట్లో అలారం ఉందా, దాని వెనక తయారైన తేదీ, గడువు ఎంతుందో చూడండి. ఆ గడువు దాటితే అది గోడకి అలంకారమే.

సరే, అసలు విషయం. ఆ పొద్దున బోర్లించిన పెయింట్ బకెట్ మీద కూర్చుని ఫర్నేస్ పై ప్యానెల్ తీసి చూశాను. మా దాంట్లో కింది ప్యానెల్ తీస్తే లోపలి డోర్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది కాబట్టి దాన్ని కదిలించలేదు. ముందు చిన్న ఫ్యాన్ మోటారు తిరిగింది, పాత పొగ బయటికి లాగేది అదే. తర్వాత టిక్కుమని ఒక శబ్దం, మంట అంటించే ఇగ్నైటర్ కమ్మరి కొలిమిలో ఇనుములా ఎర్రబడింది, గ్యాస్ భుస్సుమని అందుకుని బర్నర్ల వెంట నీలం మంట వరసగా పరుచుకుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఠప్. ఆరిపోయింది. కాసేపాగి మళ్లీ అదే తంతు. మూడోసారి కూడా ఆరాక ఇక కదల్లేదు, ఫర్నేస్‌ని నడిపే సర్క్యూట్ బోర్డు మీద చిన్న ఎర్ర లైటు మాత్రం ఆగి ఆగి మిణుకుతోంది. ఆ మిణుకులకి అర్థం ఏమిటో తలుపు లోపలివైపు అతికించిన కాగితం మీద ఉంటుంది, మాది "మంట తెలియడం లేదు" అని చూపించింది. మీరు చేయాల్సిన మొదటి పని ఇదే. ఎంతసేపటికి ఆరుతోంది, లైటు ఎన్నిసార్లు వెలుగుతోంది, రెండూ రాసుకోండి.

ఆ సాయంత్రం వచ్చినతను ఇవేమీ చూడలేదు. సీరియల్ నంబర్ చదివి 1996 మోడల్ అన్నాడు, లోపల హీట్ ఎక్స్‌ఛేంజర్ (మంటనీ పొగనీ ఇంటి గాలిలో కలవనీయకుండా వేడి మాత్రం అందించే లోహపు గది) పగిలి ఉంటుంది, పసిపిల్ల ఉన్న ఇల్లు కదా అన్నాడు, 6,800 డాలర్లు, ఈరోజే ఓకే అంటే 500 తగ్గింపు. పగులు చూపించండి అంటే చూపించలేదు. పసిపిల్ల పేరెత్తితే మనిషికి బుర్ర పనిచేయదండీ, దాదాపు ఒప్పేసుకున్నాను.

ఆపింది మా పక్కింటి పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. చేతిలో ఒక నట్ డ్రైవర్, జేబులో సన్నటి స్టీల్ ఊల్ ముక్క, అంతే. ముందు ఫర్నేస్ స్విచ్ ఆపాడు, గ్యాస్ వాల్వ్ తిప్పాడు, చివరి బర్నర్ పక్కనున్న ఒకే ఒక స్క్రూ విప్పి వేలెడంత కడ్డీ బయటికి తీశాడు. దాని పేరు ఫ్లేమ్ సెన్సర్. చూడ్డానికి మామూలు ఇనప చువ్వ, దాని మీద వేలితో తడిమితే గానీ తెలియని తెల్లటి పొర. మంట ఉన్నప్పుడు ఆ కడ్డీ నుంచి మంట గుండా అతి చిన్న కరెంటు, మైక్రోఆంపుల్లో, బర్నర్‌కి పారుతుంది. దాన్ని బట్టే బోర్డు మంట ఉందని నమ్మి గ్యాస్ తెరిచి ఉంచుతుంది. పొర పట్టిందా, మన కళ్ల ముందు భగభగ మండుతున్నా బోర్డుకి మాత్రం మంట లేనట్టే. మండని గ్యాస్ ఇంట్లోకి వదలకూడదని వెంటనే కట్టేస్తుంది. అంటే మా ఫర్నేస్ చెడిపోలేదు, జాగ్రత్తపడింది. ఆయన కడ్డీని మహా అయితే నాలుగు సార్లు రుద్ది, గుడ్డతో తుడిచి బిగించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, పది... ముప్పై దాటాక వేడిగాలిని ఇంట్లోకి తోసే పెద్ద బ్లోయర్ అందుకుంది. అత్తగారు ఆయనకి ఒక గిన్నె నిండా సున్నుండలు పంపించారు.

కొత్త సెన్సర్ ముప్పై డాలర్ల లోపే దొరుకుతుంది. చేయి పెట్టడం భయంగా ఉంటే "ఫ్లేమ్ సెన్సర్ క్లీన్ చేసి, కరెంటు ఎంత వస్తోందో మీటర్ పెట్టి చూపించండి" అని వేరే మెకానిక్‌ని అడగండి. మీరే చేస్తే దగ్గర్లో ఉండే ఇగ్నైటర్ జోలికి వెళ్లకండి, పాత రకం గాజులా పుటుక్కున విరుగుతుంది. గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం స్విచ్చులు కూడా ముట్టుకోకుండా బయటికి వచ్చేసి, బయట నుంచే గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయాలి.

ఫిల్టర్ సంగతి కూడా. పాప కోసమని నేను మెర్వ్ 13 అనే దట్టమైన ఒక అంగుళం ఫిల్టర్ కొని పెట్టాను, పైగా నాలుగు నెలలు మార్చలేదు, మా వంటింటి తాలింపులన్నీ దాంట్లోనే. గాలి ఆడక లోపల వేడెక్కిపోయి లిమిట్ స్విచ్ మంట ఆపేసేది. కాకపోతే అది సెకన్లలో కాదు, కొన్ని నిమిషాలు నడిచాక జరిగేది, బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉండేది. మీ లక్షణం అది కాదు. ఇంకొకటి, ఫర్నేస్ పక్కన గోడకి లైట్ స్విచ్ లాంటిది ఒకటి ఉంటుంది, ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు కరెంటు దండగని దాన్ని ఆపేస్తారు. మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.

అలాగని పాతదాన్ని ఎల్లకాలం ఈడ్చమనడం లేదు. 2022 చలికాలంలో ఒకరోజు చూస్తుంటే, నిటారుగా ఉన్న నీలం మంటలు బ్లోయర్ తిరగడం మొదలవగానే ఒక బర్నర్ దగ్గర పసుపు రంగుకి తిరిగి ఇవతలికి వంగాయి. బ్లోయర్ గాలి మంట ఉన్న గదిలోకి వెళ్లకూడదు, వెళ్తోందంటే హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో ఎక్కడో దారి ఉన్నట్టే. ఈసారి వచ్చినామె సన్నటి కెమెరా లోపలికి పంపి పగులు ఫోన్‌లో చూపించింది, గ్యాస్ కట్టేసి, ఇక వాడకూడదని ఎర్ర ట్యాగ్ తగిలించింది. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. పగులుకి అతుకులు ఉండవు, మార్చడమే.

మార్చేటప్పుడు కూడా తొందరపడి పాతదాని సైజే పెట్టించుకోకండి. మాది లక్ష బీటీయూ (ఫర్నేస్ వేడికి కొలత), అటకలో ఇన్సులేషన్ వేయించాక లెక్కకట్టిస్తే 60,000 చాలింది. మూడు కొటేషన్లు తీసుకుంటే పైదానికీ కిందిదానికీ 2,600 తేడా వచ్చింది. వాటర్ హీటర్ పొగ కూడా అదే చిమ్నీలోకి పోతుంటే ఇది తప్పకుండా అడగండి: 90 శాతం పైబడిన సామర్థ్యం ఉన్న కొత్త ఫర్నేస్ పొగ పీవీసీ పైపుతో గోడ గుండా బయటికి పోతుంది, అంత పెద్ద పాత చిమ్నీకి వాటర్ హీటర్ ఒక్కటే మిగులుతుంది, ఆ కాస్త వేడికి పొగ పైకి లేవక వెనక్కి తన్నొచ్చు, చిమ్నీలో లైనర్ (లోపల దిగేసే సన్నటి గొట్టం) వేయించాలి. మూడు కొటేషన్లలో ఒక్కరే ఈ మాట ఎత్తారు, పని వాళ్లకే ఇచ్చాం. మీది 1957 ఇల్లు కాబట్టి డక్టుల (వేడిగాలి గొట్టాల) జాయింట్ల మీద తెల్లటి గుడ్డలాంటి టేపు ఉంటే గోకకండి, అది ఆస్బెస్టాస్ కావచ్చు, దాని పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం, పరీక్ష చేయించాకే ముట్టుకోవాలి.

ముందైతే కిందికి వెళ్లి అలారం, ఫిల్టర్ చూసుకుని, బకెట్ వేసుకుని కూర్చోండి. లైటు ఎన్నిసార్లు వెలిగిందో, తలుపు లోపలి కాగితం ఫొటోతో సహా ఇక్కడ పెడితే ఈ రాత్రికే చూసి చెప్తాను.