మసా, బూడిదా?

సందేహం: మా డీజిల్ కారులో హెచ్చరిక దీపం వెలిగింది. సర్వీసు కాగితంలో 'ఫిల్టర్ బూడిదతో నిండింది, పునరుత్పత్తి అవసరం' అని రాశారు. మెకానిక్ 'మసి పట్టింది, కాల్చాలి' అన్నాడు. ఏది సరైన తెలుగు? అలాగే, కారులోని గ్రహించే పరికరాన్ని ఎలా రాయాలి, సెన్సారా, సెన్సరా?

సమాధానం: మెకానిక్‌దే మంచి తెలుగు. విషయం తెలిసినవాడి తెలుగు కూడా.

మసి అంటే సగమే కాలిన సరుకు. అందులో ఇంకా మండే గుణం ఉంటుంది. కట్టెల పొయ్యి మీద పెనం బాగా కాగినప్పుడు అడుగున పట్టిన మసిలో నిప్పురవ్వలు చీమల బారులా పాకుతాయి, చూసే ఉంటారు. బూడిద కాలవలసినదంతా కాలాక మిగిలినది. దానికి మళ్లీ నిప్పు పెట్టి లాభం లేదు. బీఎస్-6 కాలుష్య నిబంధనలతో 2020 నుంచి మన డీజిల్ కార్లలో మామూలైన, పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్‌లోనూ తేడా ఇదే. తేనెపట్టు గదుల్లాంటి దాని అరల్లో చిక్కిన మసి దాదాపు 600 డిగ్రీల వేడిలో కాలిపోతుంది. ఇంజన్ ఆయిల్ నుంచి వచ్చే బూడిద అక్కడే ఉండిపోతుంది. దానికి మందు ఫిల్టర్‌ను విప్పి శుభ్రం చేయడమో, మార్చడమో. నిజంగా బూడిదే నిండి ఉంటే కాల్చమనడం దండగ. ఆ కాగితం రాసినవారు ఒకే వాక్యంలో రెండు పొరపాట్లు చేశారు.

రెండోది 'పునరుత్పత్తి', మసి కాల్చడానికి వాళ్లు పెట్టిన పేరు. తెగిన బల్లి తోక మళ్లీ మొలిస్తే ఆ మాట వాడవచ్చు. ఫిల్టర్‌లో కొత్తగా పుట్టేదేమీ లేదు, ఉన్నది కాలిపోవడమే. 'మసి కాల్చివేత' అంటే సరిపోతుంది.

సెన్సార్ అనగానే మనకు సినిమా కత్తెర గుర్తుకొస్తుంది. ఆ మాటా, పరికరం పేరూ లాటిన్ మూలాలవే అయినా ధాతువులు వేరు. గ్రహించే పరికరాన్ని సెన్సర్ అని రాస్తే గందరగోళం తప్పుతుంది.

మీరు అడగనిది ఒకటి చెబుతాను. ఫిల్టర్‌కు ముందూ వెనకా పొగ ఒత్తిడిలో తేడాను ఒక సెన్సర్ కొలుస్తుంది. దానికి వెళ్లే సన్నని గొట్టం చిట్లినా, పూడుకుపోయినా లెక్క తప్పుతుంది. ఆ గొట్టాన్ని చూడకముందే 'నిండింది' అని రాయకూడదు. 'నిండినట్టు చూపుతోంది' అని రాయాలి. ఈ 'అట్టు' తెలుగులో ఊరికే లేదు.