అమ్మలూ, గ్యాస్ అతుక్కుంటే సరిపోదు, వదలాలి కూడా

అమ్మలూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి నీకు పీహెచ్‌డీ టాపిక్ ఇచ్చేశారని చెప్పింది. గ్యాస్ సెన్సర్లలో వాడే టిన్ ఆక్సైడ్ మీద కార్బన్ మోనాక్సైడ్ ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అని నువ్వు చెప్తే అక్కకి ఎక్కక "ఏదో కంప్యూటర్లో గ్యాస్ అంటరా" అంది, నవ్వొచ్చింది గానీ పెద్ద తప్పేం చెప్పలేదులే. ఇదే పనిలో నేనూ చాలా ఏళ్ళు తిప్పలు పడ్డా కదా, అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

లాప్‌టాప్ తెరవకముందు కోఠీ గుజరాతీ గల్లీకెళ్ళి ఎంక్యూ-2 అనే గ్యాస్ సెన్సర్ ఒకటి కొనుక్కో, పెద్ద ఖరీదేం కాదు. 5 వోల్టులు ఇచ్చి పావుగంటాగి వేలు పెట్టి చూడు, వెచ్చగా ఉంటుంది. ఆ స్టీలు జాలీ లోపల బుల్లి సిరామిక్ గొట్టం ఉంటుంది, గొట్టంలో హీటర్ చుట్ట, పైన టిన్ ఆక్సైడ్ పూత. ఆర్డునో బోర్డుకి తగిలించి, రీడింగు లాప్‌టాప్‌లో గ్రాఫ్‌గా పెట్టి, గది కిటికీ తీసి, లైటర్ వెలిగించకుండా గ్యాస్ మాత్రం కొంచెం వదులు, గ్రాఫ్ గబుక్కున లేస్తుంది. లైటర్ పక్కన పెట్టేశాక ఎంతసేపటికి దిగిందో కూడా రాసిపెట్టుకో. జపాన్‌లో టగుచి 1962లో పేటెంట్ వేసినప్పట్నుంచి ఇవాళ మన వంటింటి గ్యాస్ అలారం దాకా కథంతా ఆ లేవడం, ఆ దిగడమే.

ఇప్పుడు అసలు విషయం. పేపర్లు చదువుతుంటే అడ్సార్ప్షన్ ఎనర్జీ, అంటే గ్యాస్ సర్ఫేస్‌కి అతుక్కుంటే ఎనర్జీ ఎంత తగ్గుతుందో ఆ లెక్క, ఎంత పెద్ద మైనస్ వస్తే సెన్సర్ అంత గొప్పది అన్నట్టు రాస్తారు, నువ్వు ఆ మాట నమ్మకు. పనసకాయ జిగురు చేతికంటితే ఏమవుతుంది, అతుక్కోవడం బ్రహ్మాండంగా అతుక్కుంటుంది, వదిలించుకోడానికే నూనె కావాలి. మైనస్ 1 ఈవీ (ఎలక్ట్రాన్ వోల్ట్) వచ్చిందనుకో, సెకనుకి 10 టు ది పవర్ 13 సార్లు ఊగుతుందని పెట్టి లెక్కెయ్యి, 27 డిగ్రీల దగ్గర ఆ మాలిక్యూల్ వదలడానికి దగ్గర దగ్గర రెండు గంటలు పడుతుంది, అదే 300 డిగ్రీల దగ్గర సెకనులో పదివేలో వంతు కూడా ఉండదు. నంబర్ ఒకటే, సెన్సర్లు మాత్రం రెండు వేరు. కాబట్టి ఏ టెంపరేచరో చెప్పకుండా ఎనర్జీ ఒక్కటే టేబుల్లో పెట్టి నాకు పంపావంటే తిప్పి పంపేస్తా.

ఇంకోటి, డీఎఫ్‌టీ, అదే మనం ఈ లెక్కలు వేసే క్వాంటమ్ పద్ధతి, ఇచ్చే ఎనర్జీ సున్నా కెల్విన్ ఎనర్జీ. గాల్లో స్వేచ్ఛగా తిరిగే సీఓకి (కార్బన్ మోనాక్సైడ్‌కి) 300 డిగ్రీల దగ్గర ఎంట్రోపీ లెక్కే సుమారు 1.3 ఈవీ, దాన్ని వదులుకుని సర్ఫేస్ మీద కూర్చోవాలి. పైగా నీ గ్యాస్ 10 పీపీఎమ్ (గాల్లో పది లక్షల్లో పది వంతులు) అయితే ఇంకో 0.57 ఈవీ పోతుంది. మైనస్ 0.4 వచ్చిందని పండగ చేసుకునేవాళ్ళని చూశాను, ఆ వేడిలో అది అక్కడ నిలవదమ్మా.

మరి అతుక్కోకపోతే సెన్సర్ ఎలా పని చేస్తుందంటావా? అక్కడే ఉంది మజా. టిన్ ఆక్సైడ్ క్రిస్టల్‌కి 110 అనే ముఖం, ఆ సర్ఫేస్ బొమ్మ తెరిచి చూడు, పైన వరసగా పొడుచుకొచ్చిన, రెండు టిన్ల మధ్య వంతెనలా ఉండే బ్రిడ్జింగ్ ఆక్సిజన్లు, మధ్య కాలవలో ఐదుగురే పొరుగువాళ్ళున్న టిన్ అణువులు. సీఓ వచ్చి ఆ బ్రిడ్జింగ్ ఆక్సిజన్‌ని పట్టుకుని సీఓటూ అయి ఎగిరిపోతే వెనకాల ఖాళీ, రెండు ఎలక్ట్రాన్లు మిగులుతాయి, అవి కండక్షన్ బ్యాండ్‌లోకి, అంటే కరెంటు మోసే ఎనర్జీ మెట్టుకి, వెళ్తే రెసిస్టెన్స్ పడిపోతుంది. నువ్వు పట్టుకోవాల్సింది ఆ దారి, దాని మధ్యలో గట్టు ఎంత ఎత్తుందో. ఇంకా గాల్లో ఆక్సిజన్ ముందే వచ్చి కూర్చుని ఉంటుంది, తేమ వల్ల ఓహెచ్‌లు (హైడ్రాక్సిల్ గుంపులు) ఉంటాయి, శుభ్రంగా తుడిచిన సర్ఫేస్ నీ స్క్రీన్ మీద తప్ప ఎక్కడా ఉండదు. కనీసం ఒక్క ఓహెచ్ ఉన్న సర్ఫేస్ మీద కూడా రన్ చెయ్యి.

ఆక్సిజన్ అంటే గుర్తొచ్చింది. నేను కొత్తల్లో ఆక్సిజన్ మాలిక్యూల్‌ని స్పిన్ ఆన్ చెయ్యకుండా నడిపా. అది ట్రిప్లెట్, అంటే జతకాని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్ ఒకే దిక్కున ఉంటుంది అని బీఎస్సీ పిల్లలకి నేనే పాఠం చెప్పేవాణ్ణి, ఇన్‌పుట్ ఫైల్లో మాత్రం ఆ ఒక్క లైను మర్చిపోయా! పోల్చి చూసే రిఫరెన్స్ ఎనర్జీయే దాదాపు 1 ఈవీ పైకి తేలింది, అన్నీ గట్టిగా అతుక్కుంటున్నట్టు కనిపించాయి, మూడు నెలలు ఎంత సంతోషపడ్డానో. తర్వాత మొత్తం చించేసి మళ్ళీ మొదట్నుంచి. స్పిన్ పెట్టినా పీబీఈ (డీఎఫ్‌టీలో మామూలుగా వాడే ఉజ్జాయింపు) ఆ ఆక్సిజన్ బాండ్‌ని ఇంకో 1 ఈవీ దాకా ఎక్కువ చేసి చూపిస్తుంది, అందుకే నీళ్ళు, హైడ్రోజన్ ఎనర్జీల నుంచి ఆక్సిజన్ రిఫరెన్స్ తీసుకోవడం నాకు అలవాటైపోయింది.

మిగతావి నీకు తెలిసినవే. స్లాబ్ (సర్ఫేస్‌కి బదులు పెట్టే పలక), గ్యాస్, రెండూ కలిసింది, మూడింటికీ ఒకే కటాఫ్ (లెక్క ఎంత సూక్ష్మంగా వెయ్యాలో చెప్పే హద్దు), ఒకే సూడోపొటెన్షియల్ (అణువు లోపలి ఎలక్ట్రాన్లకి బదులు పెట్టే నమూనా). 15 ఆంగ్‌స్ట్రామ్ వాక్యూమ్, ఒకవైపే గ్యాస్ పెడితే డైపోల్ కరెక్షన్. లేయర్లు 3, 4, 5, 6 అని మార్చి చూడు, ఇదే నిర్మాణమున్న టైటానియం ఆక్సైడ్‌లో సరి బేసిలకి ఎనర్జీ ఊగుతుంది, ఇక్కడ నమ్మకంగా ఉండకు. పీబీఈలో బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్ కండక్షన్ బ్యాండ్‌కి ఎక్కాల్సిన ఎత్తు) 1 ఈవీ చుట్టుపక్కలే వస్తుంది, అసలుది 3.6, కాబట్టి ఎలక్ట్రాన్లు ఎటెళ్ళాయో చెప్పేముందు ఇంకా మెరుగైన హైబ్రిడ్ పద్ధతిలో ఒక్క రన్ అయినా చెయ్యి, ఖర్చే అనుకో.

డీఎఫ్‌టీ సాఫ్ట్‌వేర్ వ్యాస్ప్ లైసెన్స్ వచ్చేదాకా కూర్చోకు, అదే పని చేసే క్వాంటమ్ ఎస్ప్రెస్సో ఫ్రీ. ఈ ఆదివారం లోపు ఒట్టి ఆక్సిజన్ మాలిక్యూల్ రన్ చేసి అవుట్‌పుట్ పంపు. టోటల్ మాగ్నెటైజేషన్ 2 రాకపోతే ఫోన్ చెయ్యి, పదకొండు దాకా మేలుకునే ఉంటా, అత్తయ్య సీరియల్ అయ్యేదాకా ఎలాగూ నిద్రపోనివ్వదు.

మావయ్య