ఐసీయూలో నాన్న ఏదేదో మాట్లాడుతున్నారు.. మతి పోయిందా?

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. న్యుమోనియాతో ఐసీయూలో చేర్చాం. ఐదు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు, మొన్నే తీశారు. రెండు రోజులుగా రాత్రయితే చాలు, ట్యూబులు పీకేస్తున్నారు. నర్సు విషం పెడుతోందంటున్నారు. ఎప్పుడో పోయిన మా పెదనాన్నతో మాట్లాడుతున్నారు. పొద్దున కాస్త మామూలుగా ఉంటున్నారు. చేతులు కట్టేశారు, చూడలేకపోతున్నాం. మతి పోయిందా? నిద్రమాత్ర ఇమ్మని అడగమంటారా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ నాన్నగారికి పిచ్చి పట్టలేదండి. మన పెద్దవాళ్లు ‘సంధి ప్రేలాపన’ అనేవారే, మీరు రాసినదాన్ని బట్టి ఇది అదే. మేం డెలీరియం అంటాం. ఒంట్లో పెద్ద జబ్బు ఉన్నప్పుడు మెదడు కూడా కొన్నాళ్లు గాడి తప్పుతుంది. పూటకోలా ఉండటం, చీకటి పడ్డాక ఎక్కువవడం దీని తీరే. వెంటిలేటర్ మీదికి వెళ్లొచ్చినవాళ్లలో చాలామందికి వస్తుంది.

జ్వరం వస్తే కారణం వెతుకుతాం కదా, దీనికీ అంతే. ఆక్సిజన్, సోడియం, షుగర్ తేడాలు, కొత్త ఇన్‌ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, వాడుతున్న మందులు... అన్నీ చూడాలి. ఒక పెద్దాయన రాత్రంతా అరుస్తుంటే మా డ్యూటీ సిస్టర్ పొత్తికడుపు మీద చెయ్యి వేసి చూసింది, రాయిలా ఉంది. యూరిన్ పైపు మూసుకుపోయింది. అది సరిచేశాక పడుకున్నారు!

ఇంకో మాట, మొహమాటపడకుండా చెప్పండి. ఆయనకు రోజూ మందు గానీ, కల్లు గానీ అలవాటుందా? కల్తీ కల్లులో ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతుంటారు. ఉన్నట్టుండి అది ఆగితే ఇలాగే సంధి వస్తుంది, ఫిట్స్ కూడా రావచ్చు. దానికి చికిత్స వేరు. ‘పరువు పోతుంది’ అని ఇంట్లోవాళ్లు దాచిపెట్టడం వల్ల మాకు రెండు రోజులు వృథా అయిన కేసులున్నాయి.

అలాంటి అలవాటు లేకపోతే మాత్రం నిద్రమాత్ర అడగకండి. లోరాజెపాం, మిడజోలం లాంటి మత్తుమందులతో డెలీరియం ఇంకా ముదరొచ్చు. గొడవ తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ అనే మందు వాడినా డెలీరియం త్వరగా తగ్గడం లేదని 2018లో వచ్చిన పెద్ద అధ్యయనంలో తేలింది. ప్రమాదం తెచ్చుకునేంత గొడవ చేస్తుంటే కొద్ది రోజులు వాడతాం, అంతే.

నిజానికి మీ చేతిలోనే చాలా ఉంది. ఆయన కళ్లజోడు, వినికిడి మిషన్, పళ్ల సెట్టు ఎక్కడున్నాయి? పోతాయేమోనని కవర్లో చుట్టి ఇంటికి పట్టుకెళ్లి ఉంటారు. రేపే తీసుకురండి. కనపడక, వినపడక పడుకున్న మనిషికి మాస్కు వేసుకుని సూదితో వచ్చే నర్సు శత్రువులా కనిపించడంలో వింతేముంది? దగ్గర కూర్చుని, ‘నాన్నా, ఇది ఆసుపత్రి. ఇవాళ గురువారం. నిమ్ము తగ్గుతోంది. నేనిక్కడే ఉన్నా’ అని నెమ్మదిగా, ఎన్నిసార్లయినా చెప్పండి. విషం గురించి వాదించకండి, నవ్వకండి. పెదనాన్న ప్రస్తావన వస్తే మాట మార్చండి.

పగలు కిటికీ వెలుతురు పడేలా, లేచి కూర్చునేలా చూడమనండి. డాక్టర్ ఒప్పుకుంటే కుర్చీలోకి మార్చి, నాలుగడుగులు వేయిస్తారు. రాత్రి లైట్లు తగ్గించమని అడగండి. చేతులు కట్టేస్తే కంగారు ఇంకా పెరుగుతుంది కాబట్టి, ‘నేను పక్కన కూర్చుంటా, కాసేపు విప్పుతారా? ఈ పైపులన్నీ ఇంకా అవసరమేనా?’ అని రోజూ అడగండి.

ఆయన ఉన్నట్టుండి సైలెంట్ అయిపోతే మాత్రం ‘హమ్మయ్య’ అనుకోకండి. పలకరిస్తే పలక్కుండా, పైకప్పు చూస్తూ మగతగా ఉండటం కూడా డెలీరియమే. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పండి. దీన్ని గుర్తించడానికి, ఇంగ్లిష్ అక్షరాలు చదువుతూ ‘ఏ’ వినపడినప్పుడల్లా చెయ్యి నొక్కమని అడిగే చిన్న పరీక్ష ఉంది, మంచం దగ్గరే నిమిషాల్లో అయిపోతుంది.

చాలామందిలో కొద్ది రోజుల్లో, కొందరిలో కొన్ని వారాల్లో తగ్గుతుంది. సైకియాట్రిస్టు అవసరమో కాదో ఐసీయూ డాక్టరే చెబుతారు. ఇంటికొచ్చాక బ్యాంకు సంతకాలు, బండి నడపడం కొన్నాళ్లు వాయిదా వేయండి. రెండు మూడు నెలలైనా మతిమరుపు అలాగే ఉంటే న్యూరాలజిస్టుకు ఒకసారి చూపించండి.