సైలెన్సర్‌కి వేసిన రంగు నెలకే ఊడిపోతే డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: తుప్పు పట్టిన మోటార్ సైకిల్ సైలెన్సర్‌కి, బెండు పైపుకి వేడిని తట్టుకునే రంగు వేయించాను. ఏడాది గ్యారంటీ అని నోటితో చెప్పారు. నెల తిరక్కుండానే పెచ్చులు లేచాయి. అడిగితే, 'బండి మీరే అతిగా వేడెక్కించారు' అంటున్నారు. బిల్లు మీద 'గ్యారంటీ లేదు' అని అచ్చు వేసి ఉంది. కేసు నిలుస్తుందా? రంగు మార్చినందుకు పోలీసులు జరిమానా వేస్తారా?

జవాబు: ఊడిన పెచ్చులు మీ దగ్గరుంటే కేసుకి బలముంది. పనిలో నాణ్యత లోపించడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(11) కింద సేవాలోపమే. బిల్లు మీది అచ్చు ఆ బాధ్యతను తుడిచేయదు. నోటిమాట గ్యారంటీని రుజువు చేయడం కష్టం కాబట్టి, పని తీరునే పట్టుకోండి.

పెచ్చును వెనక్కి తిప్పి చూడండి. ఎర్రటి పొడి అంటుకుని ఉంటే, తుప్పు పూర్తిగా గీకకుండానే రంగు కొట్టారన్నమాట. వెనుక శుభ్రంగా ఉండి కింద క్రోమ్ మెరుస్తుంటే, ఎమరీ పేపర్‌తో రుద్ది గరుకు చేయలేదు, లేదా జిడ్డు తుడవలేదు. బుడగలు లేచి పగిలితే పూత మరీ మందమైంది, లేదా ఆరకముందే ఒక్కసారిగా వేడి తగిలింది. వేడిని తట్టుకునే ఈ సిలికాన్ రంగులు గాలికి ఆరినంత మాత్రాన పూర్తిగా గట్టిపడవు. డబ్బా మీద రాసినట్టు అంచెలంచెలుగా కాల్చాలి. చాలా రకాలకు సుమారు 120, 200, 315 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట చొప్పున, మధ్యలో చల్లారనిస్తూ చేస్తారు. ఓవెన్ లేకపోతే ఇంజన్‌ను కొద్దికొద్దిసేపు నడిపి చల్లార్చాలి. ఆ జాగ్రత్త మీకు చెప్పకుండా బండి అప్పగించి, ఇప్పుడు వేడెక్కించారనడం చెల్లదు. వేడికి తట్టుకోవడానికే కదా ఆ రంగు!

మీ వాదన బలహీనపడేది ఒక్కచోటే. పొగలోని నీటి ఆవిరి లోపల చేరి, పైపు లోపలి నుంచే తినేసి ఉంటే ఏ పూతా నిలవదు. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే రేకు లోపలికి పోతోందంటే వాళ్లు అదే చెబుతారు.

మళ్లీ రంగు వేయించకముందే ఫొటోలు తీయండి. పెచ్చులు కవర్లో దాచండి, వేరే మెకానిక్ అభిప్రాయం రాతలో తీసుకోండి. నోటీసు తప్పనిసరి కాదు గానీ, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో పంపితే చాలా వ్యవహారాలు అక్కడే తెమిలిపోతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ చెప్పవచ్చు. తేలకపోతే మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. రంగు ఖర్చు, తిరిగి చేయించే ఖర్చు, పరిహారం అడగండి. కొత్త సైలెన్సర్ ధర మాత్రం అడక్కండి, తుప్పు ముందే ఉంది.

ఇక పోలీసుల సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆర్‌సీలోని వివరాలు మారేలా చేసే మార్పుల గురించి. సైలెన్సర్ రంగు అందులో ఉండదు. కానీ తుప్పు తీసే పేరుతో లోపలి శబ్ద నిరోధక భాగాలనో, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌నో తీసేసి ఉంటే సెక్షన్ 190(2) వర్తిస్తుంది: మొదటిసారికి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. రంగు వేయించాక బండి శబ్దం పెరిగిందనిపిస్తే ముందు అది చూపించుకోండి.