రాని భరణాన్ని నమ్ముకుని అప్పు చేయవద్దు

ప్రశ్న: నా వయసు 34. ప్రైవేటు ఉద్యోగం, చేతికి నెలకు 34 వేలు వస్తాయి. భర్త కొట్టడం భరించలేక నాలుగు నెలల క్రితం ఏడేళ్ల పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేశాను. విడాకులు, పాప కస్టడీ కోసం కేసు వేయబోతున్నాను. నాకూ పాపకూ కలిపి నెలకు 21 వేలు ఖర్చవుతున్నాయి. నా పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ 2.10 లక్షలు ఉంది. జీతం ఇప్పటికీ నా పేరు, నా భర్త పేరు కలిపి ఉన్న ఉమ్మడి ఖాతాలోనే పడుతోంది. కేసు ఖర్చులకు ఒక యాప్‌లో 5 లక్షల వ్యక్తిగత రుణం తీసుకుని, భరణం ఏకమొత్తంగా వచ్చాక తీర్చేద్దామనుకుంటున్నాను. డిపాజిట్‌ను పాప చదువు కోసం మ్యూచువల్ ఫండ్లలో పెట్టమని మా బంధువు సలహా ఇచ్చారు. నాన్న ఇల్లు తాకట్టు పెడతానంటున్నారు. ఏది మంచిది?

జవాబు: మూడూ వద్దు. రుణం అసలే వద్దు.

రాబోయే భరణాన్ని చేతికొచ్చిన డబ్బుగా లెక్కవేసుకుని ముందే అప్పు చేయడం విడాకుల కేసుల్లో నేను పదేపదే చూస్తున్న తప్పు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం అదే. భరణం ఎంత, ఎప్పటి నుంచి, ఏకమొత్తమా నెలనెలానా అన్నది కోర్టు తేలుస్తుంది. తేలాక వసూలు కావాలి. అవతలి వ్యక్తి బకాయి పెడితే దానికి మళ్లీ కోర్టుకు వెళ్లాలి. యాప్ మాత్రం వచ్చే నెల నుంచే వాయిదా కట్టమంటుంది. ఏడాదికి 18 శాతం వడ్డీతో మూడేళ్లకు 5 లక్షలు తీసుకుంటే నెలకు సుమారు 18 వేలు కట్టాలి. ఖర్చులు పోగా మీకు మిగిలేది 13 వేలు. మొదటి నెలలోనే 5 వేలు తక్కువ పడతాయి. ఆ లోటు పూడ్చడానికి ఇంకో యాప్, దాన్ని తీర్చడానికి మరొకటి. దయచేసి ఆ దారిలో అడుగు పెట్టకండి.

వాయిదాలు మెడకు చుట్టుకున్న మనిషి కేసులో గట్టిగా నిలబడలేదు. అవతలి పక్షం మొదట ఎంత ఇస్తామంటే అంతకే సంతకం పెట్టేస్తుంది. చేతిలో పైసా లేక, దెబ్బలు తిన్న ఇంటికే తిరిగి వెళ్లిన వాళ్లున్నారు. మీ 2.10 లక్షలు మిమ్మల్నీ పాపనూ ఆ పరిస్థితి రాకుండా కాపాడే డబ్బు. అందుకే దాన్ని లాయరు ఫీజుకూ మ్యూచువల్ ఫండ్‌కూ మళ్లించవద్దంటున్నాను.

మామూలు కుటుంబానికి ఆరు నెలల ఖర్చులకు సరిపడా అత్యవసర నిధి ఉండాలంటాను. మీకు పన్నెండు నెలలది కావాలి, అంటే 2.52 లక్షలు. కోర్టు వాయిదా రోజున జీతం లేని సెలవు పెట్టాల్సి రావచ్చు. పాప బడి మార్చాల్సి రావచ్చు. పుట్టింట్లో కుదరక రెండు రోజుల్లో అద్దె ఇల్లు చూసుకోవాల్సి రావచ్చు. ఇప్పుడు 42 వేలు తక్కువ ఉన్నాయి. మిగులు 13 వేలలో 6 వేలు ఇటు వేస్తే ఏడు నెలల్లో నిధి నిండుతుంది, మిగతా 7 వేలు కేసు ఖర్చులకు వాడండి. డిపాజిట్‌ను ఒకే ముద్దగా ఉంచకండి. మూడు నెలల ఖర్చు, అంటే 63 వేలు పొదుపు ఖాతాలో పెట్టి, మిగిలింది మూడు నాలుగు చిన్న డిపాజిట్లుగా వేయండి. ఒకటి రద్దు చేయాల్సి వచ్చినా మిగతావి కదలవు.

కానీ నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మీరు మాటవరసకు చెప్పినట్లు రాసిన ఉమ్మడి ఖాతా. ఇద్దరిలో ఎవరైనా తీసుకోగలిగే ఖాతా అయితే మీ జీతమంతా మీ భర్త ఒక్క నిమిషంలో ఖాళీ చేయగలరు. ఈ వారంలోనే వేరే బ్యాంకులో మీ ఒక్కరి పేరిట ఖాతా తెరిచి, జీతం అందులో పడేలా ఆఫీసులో రాసివ్వండి. కొత్త ఫోన్ నంబరు, కొత్త ఈమెయిల్ ఇవ్వండి. పాత ఫోన్ ఆయన చేతిలో ఎప్పుడైనా ఉండి ఉంటే పాస్‌వర్డులు, యూపీఐ పిన్ అన్నీ మార్చండి. బ్యాంకు ఉత్తరాలు పాత చిరునామాకు వెళితే మీ నిధి ఎంత ఉందో ఆయనకు తెలుస్తుంది, కాబట్టి చిరునామా కూడా మార్చండి. నామినీగా ఆయన పేరు ఎక్కడెక్కడ ఉందో వెతికి మార్చండి. పాప మైనరు గనుక ఆమెను నామినీగా పెడితే, ఆమె తరఫున డబ్బు అందుకునే వ్యక్తిగా మీరు నమ్మే వారి పేరు రాయండి.

అయితే డిపాజిట్‌ను దాచేయమని, అన్నయ్య పేరుకు మార్చేయమని ఎవరైనా చెబితే వినకండి. 2020 నాటి రజనేష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలి. భరణాన్ని దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే లెక్కించాలని కూడా ఆ తీర్పు చెప్పింది. కాబట్టి ఆలస్యం మీకే నష్టం.

కేసు ఖర్చుకు 5 లక్షలు కావాలని ఎవరు చెప్పారో తెలియదు గానీ, 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సొంత లాయరే కావాలనుకుంటే ఫీజును దశలవారీగా ఇస్తానని రాతపూర్వకంగా ఒప్పించండి. మీ పెళ్లి హిందూ వివాహ చట్టం కిందికి వస్తే, సెక్షన్ 24 కింద కేసు నడుస్తుండగానే మధ్యంతర భరణంతో పాటు కేసు ఖర్చులు కూడా అడగవచ్చు. 2005 నాటి గృహ హింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, నెలవారీ డబ్బు, పాప తాత్కాలిక కస్టడీ అన్నీ ఒకే దరఖాస్తులో కోరవచ్చు. ఖర్చులకు డబ్బివ్వకపోవడం, స్త్రీధనం లాక్కోవడం కూడా ఆ చట్టం దృష్టిలో హింసే. మీ నగలు అత్తింట్లో ఉండిపోతే తిరిగి ఇప్పించమని ఆ దరఖాస్తులోనే అడగండి. మళ్లీ దాడి భయం ఉంటే ఇవన్నీ తర్వాత, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

మిగతావి క్లుప్తంగా. నాన్నగారి ఇల్లు ఆయన వృద్ధాప్యానికి ఆసరా, మీకూ పాపకూ ఇప్పుడున్న ఏకైక గూడు. ఆ కాగితాలు బీరువా దాటకూడదు. ఆరోగ్య బీమా మీ భర్త ఆఫీసు పాలసీలో ఉంటే విడాకుల తర్వాత మీకు అది ఉండదు, కాబట్టి మీకూ పాపకూ విడిగా ఇప్పుడే తీసుకోండి. ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు, అది ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. మ్యూచువల్ ఫండ్ సంగతి నిధి నిండాక చూద్దాం.

మధ్యంతర భరణం రావడం మొదలైతే, ఆ డబ్బును నెలసరి ఖర్చుల్లో కలపకండి. 2.52 లక్షలు పూర్తయ్యేదాకా ప్రతి రూపాయీ నిధికే వెళ్లాలి. ఆ తర్వాత పాప చదువు గురించి మళ్లీ రాయండి.