ఎర్డింగర్ ఆల్కహాల్ లేని బీరును మద్యం ముట్టనివారు తాగవచ్చా?

మ్యూనిక్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరు, సహోద్యోగులు చేతికిచ్చే ఎర్డింగర్ 'ఆల్కోహోల్‌ఫ్రై' (ఆల్కహాల్ లేని) బీరు సీసాలో నిజంగానే మద్యం ఉండదా, మందు తాగనని ఒట్టు పెట్టుకున్నవారు దానిని తాగవచ్చా అని అడిగారు. మద్యం అలవాటు లేని నేను ఈ ఊరిలో ఏడేళ్లుగా అదే తాగుతున్నాను కనుక చెబుతున్నాను.

జర్మనీలో 0.5 శాతానికి మించి ఆల్కహాల్ లేని బీరును 'ఆల్కోహోల్‌ఫ్రై' పేరుతో అమ్మవచ్చు. బొత్తిగా లేనిదానిపై 0.0 అని విడిగా రాస్తారు. మీరు అడిగిన గోధుమ బీరు మొదటి కోవకు చెందినది. ఈ తేడా తెలియక మొదటి ఏడాదంతా మా అమ్మకు ఫోనులో "చుక్క కూడా ఉండదమ్మా" అని చెబుతూ వచ్చాను. తప్పు నాదే, సీసా మీది కాగితం చదవలేదు. బాగా మగ్గిన పండులోనూ కాస్త ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి దీనితో మత్తెక్కుతుందన్న భయం అక్కరలేదు. అయితే మీది దేవుడి ముందు పెట్టుకున్న ఒట్టయినా, ఒకప్పటి తాగుడు అలవాటును మానుకున్నవారైనా దీని జోలికి పోవద్దనే నా సలహా, ఎందుకంటే రుచీ వాసనా అచ్చం బీరువే.

ఎర్డింగర్ సంస్థ మ్యూనిక్‌కు ఈశాన్యాన ఉన్న ఎర్డింగ్ పట్టణంలో 1886లో మొదలైంది. 1935లో ఫ్రాంజ్ బ్రోంబాఖ్ దానిని కొన్నారు. 1975 నుంచి ఆయన కుమారుడు వెర్నర్ నడిపించారు, నేటికీ అది ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఆల్కహాల్ లేని బీరును వీరు క్రీడాకారుల పానీయంగా ప్రచారం చేసి, పరుగు పందేల ముగింపు గీత దగ్గర పంచిపెడతారు. 2009 మ్యూనిక్ మారథాన్‌లో పరుగెత్తినవారిపై జరిగిన అధ్యయనంలో దీనిని తాగినవారికి జలుబు, గొంతునొప్పి వంటివి తక్కువగా వచ్చాయని తేలింది, కానీ ఖర్చు భరించింది ఈ సంస్థే కనుక నేను దానిని ఔషధంగా భావించను. అరలీటరుకు సుమారు 125 కేలరీలు, అంటే మామూలు బీరులో సగం దాకా ఉంటాయి. చక్కెర వ్యాధి ఉంటే ఆ లెక్క చూసుకోండి.

తాగే పద్ధతి కూడా చెప్పాలి. మొదటిసారి గ్లాసును నిటారుగా పెట్టి గబగబా వంపితే నురగంతా పొంగి బల్లగుడ్డ మీద పడింది. గ్లాసును చన్నీళ్లతో తడిపి, ఏటవాలుగా పట్టుకుని, అంచు వెంబడి నెమ్మదిగా పోయాలి. రెండు వేళ్ల మందం మిగిలినప్పుడు సీసాను గుండ్రంగా తిప్పితే అడుగున పేరుకున్న ఈస్టు కదులుతుంది, దానినీ గ్లాసులో పోసుకోవాలి. మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యపు తీపి వాసన వస్తుంది. ఆ వాసన చూసి మా అమ్మ హార్లిక్స్ అనుకుంది.

హోటలులో మాత్రం 'ఆల్కోహోల్‌ఫ్రై' అన్న మాటను తప్పకుండా చేర్చి అడగండి, ఉత్త 'వైస్‌బియర్' (గోధుమ బీరు) అని అడిగితే 5.3 శాతం ఉన్న అసలు బీరు తెచ్చి పెడతారు.